మసి అక్కర్లేని పిల్ల

బడి వార్షికోత్సవానికి అడ్డాకులు కుట్టి తెమ్మని సింహాచలం మాస్టారు అడిగితే, కనక విస్తళ్లు కుట్టి తెచ్చింది. పుల్ల బయటికి పొడుచుకు రాకుండా, చారు కారకుండా ఎంతో చక్కగా కుట్టింది. భోజనాలకనుకుంది. మాస్టారు ఒక విస్తరికి పురికొస కట్టి, కనక కూతురు సోని నడుముకు చుట్టి చూశారు. అది అక్కడికక్కడే చిరిగి కిందపడింది.

"ఇదేటి బాబూ, తినే ఆకు ముడ్డికి కడతారేటి?"

"ఆకుల లంగా అమ్మా. నాటకంలో అడవి మనుషులు కట్టుకునేది."

"ఏ అడవిలో?"

అరకులోయ పక్క కొండమీద వలిసెలు పండించి, సంతలో విస్తళ్లు అమ్ముకునే మనిషి కనక. ఊళ్లో థింసా ఆడితే వరసకు ముందు నడిచేది ఆమే. ఆమె ఎరిగిన అడవిలో, వాళ్ల అమ్మమ్మ కాలంలో కూడా, విస్తరి కట్టుకు తిరిగినవాళ్లు లేరు. సంగతి అర్థం కావాలని మాస్టారు ఆఫీసుగదిలో టీవీ పెట్టి, విశాఖ నుంచి తెచ్చిన వీడియో క్యాసెట్ వేశారు. తొంభై ఏడులో ఆ చుట్టుపక్కల అదొక పెద్ద మర్యాద.

పాత ఇంగ్లీషు పాటల సినిమా, నవ్వించే రకం. ఓడ పగిలి దొరలూ దొరసానీ ఒక దీవిలో పడతారు. అక్కడి జనం ఆకులు కట్టుకుని, కళ్లు తిప్పుతూ, ఊ ఊ అని గెంతుతారు. దొర నోరు తెరిస్తే పాట. వీళ్లకి ఒక్క మాటైనా లేదు. పిల్లలు పడిపడి నవ్వారు. సోని కూడా నవ్వింది. కనక మాత్రం ముక్కు ఆనేంత దగ్గరగా టీవీ ముందుకెళ్లింది.

"ఈడి సెవి ఎనకాల తెల్లగుందేటి?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "వాళ్లూ దొరలేనమ్మా. మసి పూసుకున్నారు."

"నల్లోళ్లు దొరకనేదా?"

"దొరికినా పెట్టుకోరు. అప్పట్లో అంతే."

కనకకు చచ్చిన ఎలకను తొక్కినట్టయింది. మనిషిని గుమ్మంలోకి రానివ్వరు గానీ, ఆ మనిషి రంగు మాత్రం ఒంటికి పూసుకుని కోతుల్లా గెంతుతారు. దానికి తన కూతురు నవ్వుతోంది!

మాస్టారు చెడ్డవారు కారు. జ్వరమొచ్చిన పిల్లల్ని సైకిలు మీద ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి. ఆ మంచితనంతోనే అన్నారు: "దొరసాని వేషం మా అమ్మాయి హారికది. దానికి పౌడరు డబ్బా సగమైనా కావాలి. మీ సోనికి ఆ గొడవ లేదు, మసి కూడా అక్కర్లేదు." అది మెచ్చుకోలనే అనుకున్నారు.

సోని నవ్వు ఆగిపోయింది. చేతులు రెండూ గౌను వెనక్కి దాచుకుంది. ఆ పిల్ల చేతులు దాచుకోవడం చూసిన కనక, అక్కడ ఉమ్మలేక, బయటికెళ్లి ఉమ్మి వచ్చింది.

"గెంతుతావేటే గుంటా?" అనడిగింది దారిలో.

"నాకొద్దమ్మా. మాస్టారు తిడతారేమో."

"తిడితే నన్ను తిట్టమను."

వార్షికోత్సవం నాడు నాటకంలో దొరలు దీవిలో దిగారు. తెర పక్కనుంచి ఊరి ఆడవాళ్లు మోకాళ్లదాకా చీరలు కట్టి, భుజాన ముడేసి, నూనె రాసిన తలల్లో పూలతో, ఒకరి నడుమొకరు పట్టుకుని డప్పుకు థింసా అడుగేస్తూ వచ్చారు. వరసకు ముందు కనక, మధ్యలో సోని. హారిక తన పాట మరిచిపోయి వరస చివర చేరింది. చెమటకు ఆ పిల్ల పౌడరు కారి పక్కావిడ భుజం తెల్లబడితే, ఆవిడ మొహం చిట్లించి చెంగుతో తుడుచుకుంది.

మాస్టారు తెర వెనక్కి చేతులు పిసుక్కుంటూ వచ్చారు. "కొంప ముంచావు కనకా! నా నాటకంలో అడవి మనుషులే లేకుండా పోయారు!"

"దానికేటి బాబూ, ఆ దొరల్లాగా మీరే మసి పూసుకుని గెంతండి."