గాలి తూకం

వాలరూ రేవులో ధాన్యపు లారీలు తూచే కాటా దగ్గర డెల్విన్ పెన్‌గిల్లీ ముప్పై ఒక్క ఏళ్లు కూర్చుంది. ఆవిడ గురించి మా తీరంలో ఎవరైనా మంచి మాట అన్నారంటే వాళ్లు బార్లీ పండించనివాళ్లే అయి ఉంటారు. మనిషి దొంగ కాదు. కిలో ఎక్కువ రాసి ఎరగదు, తక్కువ రాసి ఎరగదు. చిక్కంతా నోటితోనే. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్తుంది. దాని పక్కన ఇంకో మాట పెట్టదు, పెడితే జీతంలో కోస్తారన్నట్టు.

గేటు తెరిచి ఉందా అని లారీలోని రేడియోలో అడిగితే "తెరిచే ఉంది" అంటుంది. నలభై కిలోమీటర్లు లారీ తోలుకుని వచ్చాక, మొదటి రకం బార్లీ పోసే సైలో గోపురం పొద్దున్నే నిండిపోయిందని తెలుస్తుంది. "ముందే చెప్పొచ్చు కదా తల్లీ" అంటే కళ్లజోడు మీదుగా చూసి, "నువ్వు గేటు గురించి అడిగావు. సైలో గురించి అడిగావా?" అంటుంది. వరసలో ఉన్న డ్రైవర్లు పడీపడీ నవ్వుతారు. తమ వంతు వచ్చేదాకా అందరికీ నవ్వే.

కిమ్ రోడ్డా అనే రైతు వంతు రెండేళ్ల కిందట డిసెంబరులో వచ్చింది. పడమట సముద్రం మీద మబ్బు కమ్ముతోంది. సగం పంట ఇంకా చేలోనే ఉంది. ఉన్నది ఒక్క లారీ. గేటు తెరిచే ఉందంటే నమ్మి వచ్చాడు, నిండిన సైలో చూసి అదే బరువుతో వెనక్కి తిరిగాడు. అతను వెళ్లేసరికి కోత యంత్రం కడుపునిండా గింజలతో చేలో కదలకుండా నిలబడి ఉంది, గింజ దించడానికి ఖాళీ లారీ లేక. అప్పుడే మొదటి చినుకులు పడ్డాయి. నాలుగు రోజుల వానకి గింజ కంకిలోనే మొలకెత్తింది. బీరుకి పోవాల్సిన పంట గొర్రెల దాణాకి పోయింది. ఆ మరుసటేడు సముద్రం వైపున్న తండ్రి నాటి పొలం కూడా చెయ్యి జారిపోయింది.

రోడ్డా ఎందుకు చెప్పలేదని ఒక్కసారి అడిగి వదిలేశాడు. డెల్విన్ మాత్రం ఊరుకుందా? బేకరీలో మాంసం కూరిన పేస్టీల కోసం నిలబడినప్పుడు అతని ముఖం పెట్టి మరీ నటించి చూపించింది. "'ఎందుకు చెప్పలేదూ' అంటాడు! అడక్కుండానే అన్నీ చెప్పడానికి నేనేమన్నా వాడి పెళ్లాన్నా?" అంది. బేకరీ అంతా నవ్వింది. వరసలో మూడో మనిషి రోడ్డా భార్య జెనీస్. ఆవిడ డబ్బులిచ్చి, పొట్లం తీసుకుని, తల వంచుకుని వెళ్లిపోయింది. ఆ పూట నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకోవడం దేనికి.

డెల్విన్‌కి మొగుడు లేడు, పిల్లల్లేరు, కుక్క కూడా లేదు. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే టర్బో ఉన్న పాత కారొకటి ఉంది. ఉద్యోగంలో చేరిన తొలి కోతల కాలంలో రాత్రీపగలూ పనిచేసి కొత్తగా కొన్నది. చక్రాలు పళ్లు తోముకునే బ్రష్షుతో కడుగుతుంది. స్టీరింగ్ ఇంకొకరి చేతికి ఇవ్వదు. ఏటా అక్టోబరులో, కోతలకి ముందు, పక్క ఊరు కడీనాలోని షోగ్రౌండ్ మైదానానికి కార్ల క్లబ్బువాళ్లు రోలర్ల యంత్రం తెస్తారు. కారు దాని మీద ఎక్కి నిలబడ్డచోటే చక్రాలు తిప్పాలి. ఎంత శక్తి వచ్చిందో వారిక్ అనే అతను నల్లబల్ల మీద సుద్దతో రాస్తాడు. రెండువందల కిలోవాట్లు దాటితే పేరు ఇత్తడి పలక మీద చెక్కి క్లబ్బు గోడకి కొడతారు. నియమం ఒకటే: కారు తన కాళ్ల మీద తనే రోలర్లు దిగాలి. దిగకపోతే అంకె చెరిపేస్తారు.

డెల్విన్ అంకె ఆరేళ్లుగా నూట ఎనభై ఎనిమిది. ఈ ఏడు కోతలు అయ్యాక కాటా దగ్గర మనిషే ఉండడని, కెమెరాలే తూస్తాయని కంపెనీ ఉత్తరం పంపింది. ఆవిడకి ఏడుపు రాలేదు, కడుపు మండింది. ముప్పై ఒక్క ఏళ్లు రాసిన చీటీలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. పేరు ఒక్కచోటైనా మిగలాలి, ఆ గోడ మీదైనా.

అడ్డం వస్తున్నది ఒక చిన్న వస్తువు. ఇంజన్‌లోకి పోయే గాలిని తూచే సెన్సార్. దాని తూకాన్ని బట్టే కారులోని కంప్యూటర్ పెట్రోలు పోస్తుంది. "నీ సెన్సార్ నిండిపోయింది డెల్, అంతకుమించి తూచలేదు. టర్బో ఒత్తిడి ఇంకా పెంచితే గాలి పెరుగుద్ది, పెట్రోలు పెరగదు. పిస్టన్లు కరిగిపోతాయ్" అని వారిక్ ఏటా చెప్పేవాడు. అందుకని అడిలైడ్‌లో పాత కార్లు విప్పి అమ్మే కొట్టు నుంచి పెద్ద సెన్సార్ తెప్పించింది. మా వైపు ఆ విద్య తెలిసినవాడు ఒక్కడే, చేలో పని లేనప్పుడు కార్ల కంప్యూటర్లు సరిచేసే రోడ్డా. డెల్విన్ బేకరీలోనే అతన్ని పట్టుకుంది.

"ఇది నా కారుకి పడుతుందా?"

రోడ్డా తిప్పి చూశాడు. "పడుతుంది."

"వైర్లు?"

"అవే వైర్లు. ప్లగ్గూ అదే."

"ఎక్కువ గాలి తూస్తుందా?"

"దాదాపు రెట్టింపు."

"తూకంలో తేడా రాదుగా?"

"దాని తూకం దానికి సరిగ్గానే ఉంటది." రోడ్డా పేస్టీ పక్కన పెట్టి ఆవిడ ముఖంలోకి చూశాడు. "ఇంకేమన్నా అడగాలా డెల్?"

"నీతో కబుర్లు చెప్పడానికి నాకు తీరికెక్కడిదయ్యా" అని సెన్సార్ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది. పెద్ద సెన్సార్ అంతే గాలికి చిన్న అంకె చూపిస్తుంది. ఆ సంగతి కంప్యూటర్‌కి నేర్పకపోతే, అది పాత లెక్కనే చదువుకుని గాలి తక్కువే వచ్చిందనుకుని పెట్రోలు తగ్గిస్తుంది. నేర్పడం రోడ్డాకి అరగంట పని. డెల్విన్‌కి ఆ ఆలోచనే రాలేదు. కాటాకి కొత్త బల్ల వేసినప్పుడు అడిలైడ్ నుంచి మనుషులు ఆదివారం వచ్చి, తూకపురాళ్లు పెట్టి సరిచేసి పోయారు. సోమవారం ఆవిడ వచ్చి తూచింది. తూకం దానంతటదే నిజం చెప్తుందని ఆవిడ నమ్మకం.

సెన్సార్ తనే బిగించింది, టర్బో ఒత్తిడీ పెంచింది. ఊళ్లో మెల్లగా తిరిగినప్పుడు కారు ఏ పేచీ పెట్టలేదు. అలాంటప్పుడు పొగ వాసన చూసి కంప్యూటర్ తనే సర్దుకుంటుంది. పూర్తిగా తొక్కితే ఆ సర్దుబాటు ఉండదు.

షోగ్రౌండ్‌లో వారిక్ అడిగాడు. "కొత్త సెన్సార్ పెట్టావంట. రోడ్డాని అడిగావా?"

"అడిగాను."

"పొగగొట్టంలో మీటరు పెట్టి పెట్రోలు చూడనా?"

"ఆరేళ్ల కిందట దాంతోనే గొట్టం మీద గీత పడేశావు. చెయ్యి తియ్."

కంచె దగ్గర రోడ్డా, జెనీస్ నిలబడి ఉన్నారు. వాళ్లని చూసి డెల్విన్ గడ్డం ఎత్తి, పెడల్ కిందికంటా తొక్కింది. నూట డెబ్భై. నూట ఎనభై ఎనిమిది, దాటింది. నూట తొంభై అయిదు దగ్గర ఇంజన్‌లో డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడైంది. వారిక్ రెండు చేతులూ ఊపాడు. ఆవిడకి అంకె తప్ప ఏమీ కనబడలేదు. రెండువందల మూడు. జనం కేక పెట్టారు. ఆ కేక ఆగకముందే ఇంజన్ ఢామ్మని పేలింది, నీలిపొగ కారుని మింగేసింది.

అయిదుసార్లు తాళం తిప్పింది. మరో అయిదుసార్లు తిప్పింది. చివరికి ఆవిడ ఎప్పుడెప్పుడో వెనక్కి పంపిన డ్రైవర్లే వచ్చి కారుని తోశారు. "గేటు తెరిచే ఉంది డెల్, వెళ్లొచ్చు!" అన్నాడొకడు. వారిక్ ఆవిడ వైపు చూడకుండా తడిగుడ్డతో అంకె తుడిచేశాడు.

డెల్విన్ తిన్నగా కంచె దగ్గరికి వెళ్లింది. కొత్త సెన్సార్ సంగతి కంప్యూటర్‌కి నేర్పలేదా అని కారు తోసినవాళ్లలో ఒకడు అప్పటికే అడిగాడు.

"కంప్యూటర్‌లో లెక్క మార్చాలని నీకు తెలుసు."

"తెలుసు" అన్నాడు రోడ్డా.

"మరి ఎందుకు చెప్పలేదు?"

రోడ్డా నేల చూపులు చూశాడు. సంతోషపడుతున్నవాడిలా లేడు. జవాబు జెనీస్ చెప్పింది, అందరికీ వినబడేలా. "అడక్కుండానే అన్నీ చెప్పడానికి ఆయనేమన్నా నీ మొగుడా?"

షోగ్రౌండ్ అంతా నవ్వింది. ఈసారి నాకు నవ్వు రాలేదు గానీ, ముందుకు వెళ్లి ఆవిడ పక్కన నిలబడిందీ లేదు.

కోతలు మొదలయ్యాయి. డెల్విన్ రోజూ మూడు కిలోమీటర్లు నడిచి కాటాకి వచ్చేది. ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. రేడియోలో బ్రెంటన్ అనే డ్రైవర్ గొంతు. "గేటు తెరిచి ఉందా?"

"తెరిచే ఉంది" అంది. బటన్ మీంచి వేలు తియ్యలేదు. "బ్రెంటన్, మొదటి రకం సైలో నిండిపోయింది. రావద్దు. మబ్బు పట్టింది, ఆ లారీ చేలోనే ఉంచుకో."

రేడియోలో నవ్వు వినబడింది. "ఏంటి డెల్, అడక్కుండానే చెప్పేస్తున్నావ్? ఈసారి ఏం మెలిక పెట్టావ్? నేనొచ్చి నా కళ్లతో చూసుకుంటా."

"నిజం చెప్తున్నాను, రావద్దు" అని మూడుసార్లు అంది. రేడియో వింటున్న మరో ముగ్గురికి ఇందులో ఏదో ఉందని అనుమానం వచ్చి వాళ్లూ బయల్దేరారు.

నాలుగు లారీలూ వచ్చి, సైలో చూసి, బూతులు తిట్టుకుంటూ వెనక్కి తిరిగాయి. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ డెల్విన్ ప్రతి లారీనీ తూచి చీటీ ఇచ్చింది. నాలుగు గంటలకి వాన మొదలైంది.