ముందు చక్రాల కింద నిమ్మకాయలు

అన్నయ్య తన పాత స్పోర్ట్స్ కారుకు ఇంజను బలం పెంచే రెండు టర్బోలు బిగించి, ఈ రోజు పొద్దున మామిడిపల్లి దగ్గర ఒక తోట రోడ్డు మీద పరీక్షించాడు. నాలుగు వందల మీటర్లు పద్నాలుగు సెకన్లలోపు దాటకపోతే తిన్నటి రోడ్డు మీద జరిగే డ్రాగ్ రేసుకు పేరు ఇవ్వనన్నాడు. స్టాప్‌వాచీతో పక్క సీట్లో నేను కూర్చున్నాను.

మెకానిక్ యాదగిరి ప్రతిసారీ వెనక చక్రాల కింద కొత్త నిమ్మకాయలు పెట్టాడు. రెండుసార్లూ చక్రాలు ఆ రసం మీద జారి, ఉన్నచోటే గిర్రున తిరిగాయి. పదిహేను సెకన్లు దాటింది. అన్నయ్య దిగులుగా టర్బోలు విప్పేద్దామన్నాడు.

మామూలుగా నోరు విప్పని నేను, "ఇంజను తిప్పేది వెనక చక్రాలనే కదా. నిమ్మకాయలు ముందు చక్రాల కింద పెడితే?" అన్నాను.

"గీ ముచ్చట జర ముందుగాల చెప్పొద్దా బిడ్డా? నాలుగు కాయలు ఆగమాయె!" అన్నాడు యాదగిరి.

మూడోసారి వీపు సీటుకు అతుక్కుపోయింది. పదమూడు పాయింట్ ఎనిమిది! అంత గట్టిగా కేక పెట్టింది నేనేనని కాసేపటికి తెలిసింది.

అన్నయ్య టర్బోలను మెచ్చుకున్నాడు, యాదగిరి నిమ్మకాయలను మెచ్చుకున్నాడు. నన్ను నేనే మెచ్చుకుంటూ ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో కొత్త బండికి నిమ్మకాయలు ఏ చక్రాల కింద పెడతారు?