బురద తినేసిందన్న బొటనవేలు

మా మిలటరీ మావయ్య మొన్న పొద్దున పోయాడు. కృత్తివెన్ను దగ్గర మా ఊళ్లో నాకు పక్కింటాయన. చుట్టరికం లేదు, పిలుపు వరసే. రెండోసారి అప్పీలు చేసుకుని, మళ్లీ మెడికల్ బోర్డు పిలుస్తుందేమోనని ఎదురుచూస్తూ గుండె ఆగి పోయాడు. ఆ బోర్డు పెద్దలకి ఇక తొందర లేదు. ఇంతకుముందు ఉన్నట్టూ నాకు గుర్తులేదు.

ఆయన కుడికాలికి బొటనవేలు లేదు, దాని పక్క రెండు వేళ్లూ లేవు. మంచుకొండల మీద కాపలా కాస్తుంటే నల్లబడ్డాయి. అక్కడ చెబితే సెలవు ఆపేస్తారని బూటు బిగించుకుని ఇంటికొచ్చేశాడు. బందరు ఆసుపత్రిలో ఆ వేళ్లు తీసేశారు. ఆయన చేసిన తప్పల్లా అదే. వైకల్య పింఛను అడిగితే బోర్డులోని మహామేధావి ఒకడు కాలు వంక చూడకుండానే తేల్చేశాడు: సెలవులో చేపల చెరువు బురదలో దిగి పుండు పడింది, సైనిక సేవకు సంబంధం లేదు. బురద వేళ్లు తింటుందట! అదే నిజమైతే మా దగ్గర్నుంచి ముదినేపల్లి దాకా చెప్పుల కొట్లు ఎప్పుడో మూతపడాలి.

"డబ్బులియ్యకపోతే మానె మాష్టారూ, మా చెరువు మీద అభాండం ఏంటండీ? మంచు వల్ల అని రాయమనండి, చాలు," అనేవాడు మావయ్య. అప్పీళ్లు నేనే రాసిపెట్టేవాణ్ణి.

సోడాలో ఐసుముక్క కూడా వేయనిచ్చేవాడు కాదు. రొయ్యలు పట్టిన రోజున ఐసు దిమ్మలు దించుతుంటే దూరంగా గట్టెక్కి నిలబడేవాడు. "రొయ్యకి ఐసు పడుద్ది, నాకు పడదు," అని తనే నవ్వేవాడు.

మొదటి అప్పీలు బోర్డుకి నాతోపాటు మరో నలుగురిని వెంటబెట్టుకెళ్లాడు. పుట్టిందగ్గర్నుంచి చెరువుల్లోనూ సముద్రంలోనూ నానినవాళ్లు. ఆసుపత్రి వసారాలో వాళ్లని వరసగా కూర్చోబెట్టి చెప్పులు విప్పించాడు. బోర్డు డాక్టరు బయటికి రాగానే లేచి, "చూడండి సార్, ఈళ్లంతా బురదలో బతికినోళ్లే. వేళ్లు లెక్కెట్టుకోండి," అన్నాడు.

దొరగారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, "చేపల కంపు. పంపించెయ్యండి వీళ్లని," అని లోపలికి వెళ్లిపోయాడు. పాత మాటే మళ్లీ రాశాడు. కాలు చూడ్డానికి జీతం తీసుకుంటూ కాలు చూడనివాణ్ణి ఏమనాలో నాకు తెలుసు గానీ, పోయినాయన మీద గౌరవంతో ఇక్కడ రాయను. అలాంటివాడి సంతకానికి మావయ్య అంత విలువ ఇచ్చాడే అని నాకిప్పటికీ మంట. ఆయన మాత్రం తిరుగు బస్సులో, "మన కాళ్లు చూసి జడుసుకున్నాడు మాష్టారూ," అంటూ నలుగురినీ నవ్వించాడు.

మొన్న ఆయన్ని చాప మీద పడుకోబెట్టాక, బొటనవేళ్లు రెండూ కలిపి కట్టడానికి అత్తయ్య తమ్ముడు దారం తీసుకుని కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఎడమ వేలికి ముడి వేశాడు. కుడికాలి దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. బోర్డుకి వెంట వచ్చిన ఆ నలుగురూ తల దించుకున్నారు. అత్తయ్యే చివరికి, "చీలమండల దగ్గర కట్టు తమ్ముడూ," అంది.

అతను ఇంకో దారం తెచ్చి అలాగే కట్టాడు. మొదటి ముడి ఎవరూ విప్పలేదు. ఎడమ బొటనవేలి నుంచి ఆ దారం కొస రెండో కాలి వైపు వేలాడుతూనే ఉంది.