ముక్కు పట్టుకునే అలవాటు

నాలుగో ఆదివారం కూడా దగ్గుతూనే పైకి లేచాను. సూర్యాపేటలో ఒక ప్రైవేటు స్విమ్మింగ్ పూల్, ఛాతీ దాకా నీళ్లు. అందులో మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని, కళ్లనూ ముక్కునూ కప్పే మాస్క్‌లోకి కావాలనే కొన్ని నీళ్లు రానివ్వాలి. తర్వాత మాస్క్ పై అంచును నుదుటికి నొక్కి, తల కొంచెం ఎత్తి, ముక్కుతో గట్టిగా గాలి వదిలితే నీళ్లు కింది నుంచి పోతాయి. అంతే పని. ఆ అంతే పని నాకు చేతకాలేదు.

కోదాడ నుంచి వచ్చే స్కూబా డైవింగ్ కోచ్ ఓపిక చూస్తే ఇంకా మండేది. "మేడం, మళ్లీ ముక్కు పట్టుకున్నారు. ఊదమన్నాను కదండీ" అనేవాడు. నిజమే. నీళ్లు ముక్కును తాకగానే నా చెయ్యి నన్ను అడక్కుండానే పోయి రబ్బరు మీంచే ముక్కు నొక్కేది. కళ్లయితే తల మునగకముందే మూసుకుపోయేవి. మిర్యాలగూడ నుంచి వచ్చే ఒకావిడ, ఈత కూడా అంతంతమాత్రమే, రెండో రోజే చేసేసింది. బావుల్లో పెరిగినదాన్ని నేను!

వచ్చే ఆదివారం కూడా ఇది చేతకాకపోతే సముద్రానికి తీసుకెళ్లనని కోచ్ తేల్చేశాడు. నా కోరిక ఒక్కటే. చిన్నప్పటి నుంచి నీళ్లలో దూకుతూనే ఉన్నా, అడుగున ఏముందో ఒక్కసారీ చూడలేదు. కళ్లు తెరిచి చూడాలి.

కోపమంతా మా నాయిన మీదికి మళ్లింది. ముక్కు పట్టుకుని, కళ్లు మూసుకుని దూకమని బావి గట్టు మీద నేర్పింది ఆయనే. చివ్వెంల దగ్గర మా ఊరికి పోయేసరికి కాలువలో గొర్రెలను కడుగుతున్నాడు. బొచ్చు కత్తిరించే ముందు అది తప్పని పని. గట్టు మీద నిలబడే మొదలుపెట్టాను.

"నువ్వు నేర్పిన ఈతే నా కొంప ముంచింది నాయినా. నీళ్లు కనవడితె సాలు, చెయ్యి ముక్కు మీదికే వోతది."

ఆయన ఒక గొర్రెను తలదాకా ముంచి లేపాడు. అది ఫుర్రుమని ఆయన మొహం మీదికే చీదింది.

"గీ గొర్రెకు ముక్కు పట్టుకుందామంటె చేతులున్నయా బిడ్డా?" అన్నాడు మొహం తుడుచుకుంటూ. "నీకు ఐదేండ్లున్నప్పుడు, భయపడి ఏడుస్తున్నవని జెప్పిన ముచ్చట గది. ఇంకా గదే పట్టుకొని కూసుంటవా?"

ఉక్రోషంతోనే తిరిగి బస్సెక్కాను.

ఆదివారం ఎడమ చేతిని నడుము బెల్టులో ఇరికించాను. కుడి చేతిని నుదుటి మీద పెట్టాను. మాస్క్‌లోకి నీళ్లు వచ్చాయి. వారం రోజుల కోపమంతా కలిపి ఆ గొర్రె లాగే చీదాను.

నీళ్లు పోయాయి. కళ్లు తెరిచాను. నీలం టైల్స్ మీద ఎవరిదో తలపిన్ను పడి ఉంది. నలభై ఏళ్లలో నీళ్ల అడుగున నేను చూసిన మొదటి వస్తువు అదే. కోచ్ మళ్లీ చెయ్యమని వేలు తిప్పుతున్నాడు. కాసేపు ఆగమని చెయ్యి చూపించి, ఆ పిన్నునే చూస్తూ కూర్చున్నాను.