పటం మీద పడుకున్న సివేమా

సివేమా కోబెలో ఇంటికి వెళ్లినవాళ్లు ఖాళీ చేతులతో తిరిగి రారు. తోటకూర కట్టయినా చేతిలో పెడుతుంది, ఓ తిట్టయినా తిడుతుంది. నేను పక్కింటివాణ్ణి కాబట్టి నాకు రెండూ దక్కుతాయి, ముందు తిట్టు, తరవాత కూర.

మా ఊరు మొరొగొరో పట్నానికి మరీ దూరం కాదు, అలాగని దగ్గరా కాదు. పొద్దున చూస్తే పల్లెటూరు. సాయంత్రం పట్నం నుంచి మోటారు సైకిళ్లు వచ్చి వాలేసరికి సగం పట్నం. ఈ రెంటి మధ్యా నది ఒడ్డున సివేమా తోట ఉంది. మా లుగురు తెగలో భూమి తల్లి వైపు నుంచి వస్తుంది. ఆ తోట ఆమెకి అమ్మ ఇచ్చింది, అమ్మకి వాళ్ల అమ్మ ఇచ్చింది. చుట్టూ కిత్తనార కంచె, లోపల తోటకూర, టమాటా, చిలగడదుంప ఆకు. ఆ మడుల మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివించి ఓ ఇంటివాళ్లని చేసింది. మడిలోకి ఎవరి కోడి వచ్చినా ఆ కోడితో పాటు యజమాని వంశం మొత్తాన్నీ కడిగి ఆరేస్తుంది. నా కోళ్ల సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఆమె తిట్లలో పెద్ద వాటా మాత్రం లుహెండేదే. అతను సుకుమా తెగ మనిషి, పశువుల కాపరి. ముప్పై ఏళ్ల కిందట సరస్సు వైపు నుంచి ఆవుల్ని తోలుకుంటూ వచ్చి మా ఊరి పైవాలులో గుడిసె వేసుకున్నాడు. మా వాళ్లకీ సుకుమా వాళ్లకీ తాతల నాటి నుంచి వేళాకోళపు వరస ఉంది. ఎదురుపడితే తిట్టుకోవాలి. నువ్వు నా బానిసవంటే నువ్వే నా బానిసవనాలి. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు లెక్క.

"ఏమయ్యా పేడముద్దా, ఇంకా బతికే ఉన్నావా?" అంటుంది సివేమా.

"నువ్వు పోతే నీ తోటలో నా ఆవుల్ని కట్టేద్దామని ఆగా. త్వరగా కానియ్, ఎదురుచూడలేక చస్తున్నా," అంటాడు అతను.

సివేమా భర్త కొండో పోయినప్పటి సంగతి చెప్పాలి. గొయ్యి తవ్వడం అయింది. శవపెట్టె తీసుకొచ్చి చూస్తే గోతిలో లుహెండే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నా బానిస నాకు చెప్పకుండా ఎలా పోతాడు, పరిహారం ఇస్తేనే లేస్తానన్నాడు. చావు ఇంట్లో అలా అడ్డం పడుకునే హక్కు వరసవాళ్లకి ఉంది. వాళ్లని చెయ్యి పట్టి లాగకూడదు, కసరకూడదు. అడిగింది ఇచ్చి లేపాలి. కోడిని ఇస్తామన్నాం, వద్దన్నాడు. కొండో టోపీ కావాలన్నాడు. చుట్టూ అంచున్న బూడిదరంగు టోపీ అది. ఇచ్చాం. అది నెత్తిన పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుంటూ, ఒక కాలు కాస్త ఈడుస్తూ అచ్చం కొండోలాగే గోతి చుట్టూ నడిచాడు. ఏడుస్తున్న సివేమా ఫక్కున నవ్వింది. ఆ నవ్వు రాకపోయుంటే ఆ రోజే తనూ పోయి ఉండేదాన్నని ఆమె నాతో ఓసారి అంది. ఆ తరవాత చాలాకాలం ఆ టోపీ లుహెండే తల దిగడం ఎవరూ చూడలేదు.

పోయిన ఏడు వానలు వెనకబట్టాక ఊరి భూమి ప్రణాళిక తిరగరాయాలని జిల్లా ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఎక్కడ ఇళ్లు, ఎక్కడ పొలాలు, ఎక్కడ పశువుల మేత అని ఊరే కూర్చుని తేల్చుకోవాలి. పాత పటం ఎందుకూ పనికిరాకుండా పోయింది. పట్నంవాళ్లు స్థలాలు కొని గోడలు కట్టేశారు. పశువులు నదికి దిగే పాత దారి ఆ గోడల కిందే పోయింది. అప్పటినుంచి లుహెండే ఆవులు తారు రోడ్డు చుట్టూ తిరిగి నీళ్లకి వెళుతున్నాయి. లారీల కింద పడి రెండు దూడలు పోయాయి కూడా.

కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలని రూలు. అందుకని సివేమా వచ్చింది. నేనూ ఉన్నాను. మా ఛైర్మన్ చంజీ సివేమాకి సొంత తమ్ముడు. వాళ్ల వంశం భూమి మీద చివరి మాట కూడా అతనిదే. జిల్లా నుంచి వచ్చిన ఫెలిస్తా అనే అమ్మాయి కాగితాల కన్నా ముందు నేల మీద గీద్దామంది. బడి ఆవరణలో బూడిదతో రోడ్లు గీశాం. ఇటుక ముక్కలు ఇళ్లు, మొక్కజొన్న కంకులు పొలాలు. పైవాలు మేత భూమికి పేడ కుప్ప పెట్టాం. నదికి ఏం పెట్టాలా అని చూస్తుంటే సివేమా బట్టల మీద చుట్టుకున్న తన నీలం ఖాంగా గుడ్డ విప్పి పరిచింది. ఆ గుడ్డ తడపొద్దని అందరికీ వార్నింగు కూడా ఇచ్చింది.

పేడ కుప్పకీ నీలం గుడ్డకీ మధ్య అంతా ఇటుకలూ కంకులే. ఒక్క సివేమా తోట అంచునే కాస్త సందు కనిపిస్తోంది. అప్పుడు లుహెండే లేచాడు.

"నా ఆవులకి నీళ్లకి దారి కావాలి. సివేమా తోట అంచున ఇవ్వండి. దారి లేని పటం మీరు ఖాయం చేస్తే నేను ఊళ్లో ఉండలేను," అన్నాడు.

అందరం గొల్లున నవ్వాం. ముప్పై ఏళ్లుగా ఆ తోట నాదే, నాదే అని అంటున్న మనిషి కదా. ఎవరో వెనక నుంచి, "తోటతో పాటు సివేమాని కూడా తోలుకుపో పెద్దాయనా," అన్నారు. చంజీ కళ్లు తుడుచుకుంటూ మిగతా పని కానిద్దామన్నాడు. లుహెండే కూర్చున్నాడు. ఫెలిస్తా పుస్తకంలో ఏదో రాయబోయి, మా నవ్వు చూసి ఆగిపోయింది. వరసవాళ్ల మాట అనుకుంది, మేమూ అదే అనుకున్నాం.

సివేమా మాత్రం నవ్వలేదు. తిరిగి ఓ తిట్టు కూడా తిట్టలేదు. ఇంటికి వెళ్లే దార్లో నన్ను అడిగింది, "చూశావా, టోపీ తీసి మాట్లాడాడు."

"ఉక్కపోసి ఉంటుందిలే అక్కా."

"నీ బుర్రకి పోసింది ఉక్క."

మర్నాడు పొద్దున్నే పైవాలుకి వెళ్లింది. నన్ను వెంటబెట్టుకెళ్లింది, ఏటవాలు కదా, చెయ్యి పట్టుకోడానికి. లుహెండే పాలు పితుకుతున్నాడు.

"నిన్న అన్నది నిజమేనా?" అంది.

"నా నోటి నుంచి నిజం వస్తే ఎవరు నమ్ముతారు? అంతా నువ్వు చేసిందే," అన్నాడు తల ఎత్తకుండా. "దారి లేకపోతే మందని అమ్మాలి, లేదంటే తోలుకుని పోవాలి. ఎక్కడికో తెలీదు. మా ఆవిణ్ణి ఇక్కడే పాతిపెట్టా. ఆమెని తోలుకుపోలేను కదా."

సివేమా వెనుదిరిగింది. దిగి వస్తూ తోట దగ్గర ఆగి, అంచు మడుల్ని చాలాసేపు చూసింది. అవి వాళ్లమ్మ తన చేత్తో తవ్విన మడులు. ఇవ్వడం ఆమెకి ఇష్టం లేదు. ఎందుకు దాచాలి, ఇష్టం లేదని నాతోనే అంది, కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. అయినా ఆ సాయంత్రం తమ్ముడింటికి వెళ్లి అడిగింది.

చంజీ ససేమిరా అన్నాడు. "అమ్మ భూమి మీద సుకుమా ఆవులు నడవడమా? వంశం పెద్దలకి నేనేం చెప్పను? ఇది నీ ఒక్కదాని సొత్తు కాదక్కా. మళ్లీ నా దగ్గర ఎత్తకు."

నా మాట అడిగితే నేనూ చంజీ వైపే. ఆ సందు పక్కనే నా మొక్కజొన్న ఉంది. ఆవులకి కంచెలు కనపడవు, వాటికి కంకులే కనపడతాయి.

పటం ఖాయం చేసే రోజు ఊరు ఊరంతా బడి ఆవరణకి వచ్చింది. నేల మీద బొమ్మ మళ్లీ దిద్దాం. పేడ కుప్ప, ఇటుకలు, కంకులు, నీలం గుడ్డ, అన్నీ సర్దాం. లుహెండే అందరికన్నా వెనక, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చంజీ చదవాల్సిందంతా చదివి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండన్నాడు.

చేతులు లేవకముందే సివేమా లేచింది. చెప్పులు విడిచి, చీమ కూడా నలగకూడదన్నట్టు మెల్లగా నడుచుకుంటూ వచ్చి, పటం మీద వెల్లకిలా పడుకుంది. తల పేడ కుప్ప దగ్గర, పాదాలు నీలం గుడ్డ మీద.

జనం ఒక్కసారి గతుక్కుమన్నారు. చంజీ దగ్గరికొచ్చి వంగాడు. "ఏంటక్కా ఇది, లే. కళ్లు తిరిగాయా?"

"నా కళ్లు బానే ఉన్నాయ్. మీరంతా కలిసి నా బానిసకి గొయ్యి తవ్వుతున్నారు. వాడూ వాడి మందా ఈ పటంలో పూడుకుపోతున్నారు. వాడి చావుకి అడ్డం పడుకునే హక్కు నాది. పరిహారం ఇస్తేనే లేస్తా."

ముందు ముసలివాళ్లు నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. ఈసారి నవ్వు వేరేగా ఉంది. ఏం జరుగుతోందో అందరికీ అర్థమైంది. చంజీ మాత్రం ముఖం చిట్లించాడు. కానీ ఏం చేస్తాడు? వరస హక్కుతో అడ్డం పడుకున్న మనిషిని కసరకూడదు. లాగకూడదు. ఛైర్మన్ అయినా, తమ్ముడైనా, వంశం పెద్దయినా అంతే.

"కోడి ఇస్తాం, లే," అన్నాడు చివరికి.

"కోడి మీరే కోసుకు తినండి."

"మరేం కావాలి?"

"నేను ఎంత మేర పడుకున్నానో అంత మేర."

"అది అమ్మ భూమి అక్కా."

"నేను ఆ అమ్మ కూతుర్నే కదా. నడ్డి కాలిపోతోంది, త్వరగా తేల్చు."

ఎండ బాగానే ఉంది. చంజీ వంశం పెద్దల వైపు చూశాడు. వాళ్లలో ఒకాయన, కర్ర నేలకి ఆనించి, "ఇచ్చి లేపరా. మీ బావ పోయినప్పుడు టోపీ ఇచ్చి లేపలేదూ?" అన్నాడు. చంజీ ఫెలిస్తాకి తల ఊపాడు. ఆ అమ్మాయి బూడిద డబ్బా తీసుకుని సివేమాకి రెండు పక్కలా, తల నుంచి పాదాల దాకా, గీత పోసింది. అప్పుడు చెయ్యి అందించి లేపింది. సివేమా లేచి ఒళ్లు దులుపుకుంటే కింద రెండు తెల్ల గీతల మధ్య దారి మిగిలింది. చేతులు లేచాయి. నాదీ లేచింది, కాస్త ఆలస్యంగా.

వరసవాళ్ల మధ్య కృతజ్ఞతలు చెప్పుకోవడం ఉండదు. చెబితే వరస తెగిపోయినట్టే. ఆ సంగతి లుహెండేకి మా అందరికన్నా బాగా తెలుసు.

కంచె జరిపి కొత్తగా కిత్తనార నాటాక ఒక పొద్దున ఆవులు మొదటిసారి ఆ దారిన దిగాయి. అమ్మ మడుల మీదుగా నడిచాయి. సివేమా కంచె పట్టుకుని చూస్తూ నిలబడింది. నేను నా కంకులకి కాపలాగా అక్కడే ఉన్నాను. ఆఖరి ఆవు కూడా నీళ్ల దగ్గరికి చేరాక లుహెండే కంచె దగ్గర ఆగాడు. ఏదో అనబోయాడు. టోపీ తీసి, దుమ్ము దులిపి, రెండు చేతులతో ఆమె వైపు చాచాడు.

సివేమా దాన్ని ముట్టుకోలేదు.

"పెట్టుకో, పెట్టుకో," అంది. "రేపు నా గోతిలో అడ్డం పడుకోడానికి వచ్చినప్పుడు బోడితలతో వస్తావా, సిగ్గులేనోడా?"

లుహెండే టోపీ నెత్తిన పెట్టుకుని సర్దుకున్నాడు. "ఆ రోజు ఒక్క టోపీకే లేస్తాననుకుంటున్నావా? తోటంతా ఇస్తేగాని లేవను," అని ఆవుల వెంట నదిలోకి దిగాడు.