కవర్ మీద ఆయన, కేసెట్‌లో ఇంకొకరు

పెళ్లయి మస్కట్ వెళ్లేదాకా మా ఆయన పాడతాడని నాకు తెలియదు. సంబంధం కుదిర్చినవాళ్లు ఏసీ మెకానిక్ అన్నారు, నెమ్మదస్తుడు అన్నారు, అంతే. మస్కట్‌లోనే రూవి అనే పేటలో మాకున్నది ఒక గది, ఒక వంటిల్లు. నేను వెళ్లిన వారంలోనే ఒకరోజు బాత్రూంలో బట్టలు పిండుకుంటూ పాట అందుకున్నాడు. ఉల్లిపాయలు తరుగుతున్నదాన్ని కత్తి పక్కన పెట్టి లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. అది నున్నటి గొంతు కాదు. పైకి వెళ్లేటప్పుడు గరగరలాడేది. ఇప్పుడు చీలిపోతుందేమో అని వినేవాళ్లకు భయం వేసేది, చీలేది కాదు. నేను ఆయన్ని ఇష్టపడటం ఆ తలుపు దగ్గరే మొదలైంది.

వాళ్లది నలుగురి బ్యాండ్. సముద్రం ఒడ్డున మత్రా బజారులో బట్టల దుకాణంలో పనిచేసే హైదరాబాద్ మనిషి గిటార్ వాయించేవాడు, ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్లం. డ్రమ్స్ ఒక శ్రీలంక అబ్బాయి, కీబోర్డు ఒక మలయాళీ. భాయ్ హిందీలో పాటలు రాస్తే మా ఆయన బాణీలు కట్టి పాడేవాడు. గురువారం సాయంత్రాలు క్లబ్బులో ప్రోగ్రాం ఉండేది. అక్కడ విని బొంబాయి కేసెట్ కంపెనీ మనిషొకడు, ఆల్బమ్ చేద్దాం, టేపు పంపించండి అన్నాడు.

రూవిలోనే ఒక చిన్న స్టూడియోలో, శుక్రవారాలు ఎనిమిది పాటలు రికార్డు చేశారు. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని అద్దానికి ఇవతల కూర్చునేదాన్ని. కవర్ కోసం మత్రా సముద్రం ముందు నలుగురూ ఫోటో దిగారు. అందరికన్నా ముందు, నేను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో మా ఆయన.

కొన్ని నెలల తర్వాత భాయ్ కేసెట్లున్న అట్టపెట్టె తీసుకుని మా గదికి వచ్చాడు. మా ఆయన చేతులు తుడుచుకుని ఒకటి తీసి టేప్‌రికార్డర్‌లో పెట్టాడు. గిటార్ మొదలైంది, డ్రమ్స్ పడ్డాయి, తర్వాత పాట. మా ఆయన నా వైపు చూశాడు.

"స్పీడు తప్పుతాంది మే. బ్యాటరీలు అయిపోయినట్లుండాయి."

వైరు తెచ్చి కరెంటుకు పెట్టాడు. మళ్లీ మొదటినుంచి వేశాడు. మళ్లీ అదే పరాయి గొంతు, నున్నగా, తియ్యగా, ఎక్కడా గీత లేకుండా. రెండో పాట సగానికి వచ్చేసరికి ఆయనే ఆపేశాడు.

"భాయ్, ఇది ఎవురి గొంతు?"

భాయ్ తల ఎత్తలేదు. "బొంబాయిల మళ్ల పాడించిండ్రన్నా. నీ హిందీల తెలుగు యాస వస్తుందంట. గొంతు గరుకుగుందన్నరు. నేను వద్దన్న. అప్పటికే అయిపోయిందన్నరు."

"నీకు ఎప్పుడు తెలిసె?"

"పోయిన నెల. చెప్పనీకి నోరు రాలే."

"మరి ఫోటో?"

"ఫోటో మంచిగుందన్నరు."

మా ఆయన భాయ్‌కి టీ పెట్టమని నాకు చెప్పాడు.

కవర్ మీద పాడినవాడి పేరు లేదు. బ్యాండ్ పేరొక్కటే ఉంది. అందుకని చూసినవాళ్లంతా అది ఆయన గొంతే అనుకున్నారు. రూవిలో పెద్ద కేసెట్ల షాపు వాళ్లు ఆ వారం బాగా అమ్ముడైన పది కేసెట్ల పేర్లు రాసి ప్రతి గురువారం అద్దానికి అంటించేవారు. మొదట మనవాళ్లది పదో పేరు. తర్వాత ఏడు. టాక్సీల్లో వినిపించసాగింది, టీ కొట్లలో వినిపించసాగింది. నేను నర్సుగా చేసే క్లినిక్‌కి, ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసే కడప ఆమె వాళ్ల పిల్లను తీసుకుని వచ్చేది. ఒకరోజు నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, అన్న గొంతు కేసెట్లో ఎంత నున్నగుండాదో! మా మేడం గూడా ఇంటాంది."

నేను నవ్వాను. ఇంటికొచ్చి, "అసలు సంగతి చెప్పేద్దామండీ" అన్నాను.

"వద్దులే. చెప్తే నవ్వుతారు. బాణీ నాదే గదా."

అది నాకు సర్దిచెప్పడానికి అన్న మాట కాదు. ఆయన నిజంగానే దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. డ్యూటీ దిగి ప్రతి గురువారం షాపు అద్దం దగ్గరకు వెళ్లేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. "నాలుగుకు వచ్చినాది" అనేవాడు బూట్లు విప్పుకుంటూ. రెండో స్థానానికి వచ్చిన రోజు హల్వా డబ్బా తెచ్చాడు. జాబితాలో మనవాళ్ల పైన ఉన్నది ఒక సినిమా కేసెట్, అది కదిలేలా లేదు. నాకు ఒక ముక్క పెట్టి తానొకటి నోట్లో వేసుకున్నాడు. మింగలేక లేచి కిటికీ దగ్గరకు వెళ్లిపోయాడు. వీపు కదలడం చూశాను. దగ్గరకు వెళ్తే ఇంకా సిగ్గుపడతాడని కూర్చున్నచోటే ఉండిపోయాను.

ఆ పై వారం క్లబ్బు నిండిపోయింది. కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. మా ఆయన మొదటి పాట ఎత్తుకున్నాడు, తన గొంతుతో, తన పద్ధతిలో. చరణం దాటగానే వెనక నుంచి ఎవరో అరిచారు: "కేసెట్ జైసా గావో!" కేసెట్‌లో ఉన్నట్టు పాడమని. ఇంకో ఇద్దరు అందుకున్నారు. నవ్వులు.

ఆయన మైకు చేత్తో మూసి దగ్గి, మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గొంతు నున్నగా చేసుకోబోయాడు. ఎప్పుడూ చూడని ఆ బొంబాయి మనిషిలా పాడుతున్నాడు, తను కట్టిన పాటను. నేను మూడో వరసలో కూర్చుని వింటున్నాను. పైకి వెళ్లేచోట గొంతు చీలింది. ఎవరో ఈల వేశారు. అయినా మధ్యలో దిగిపోలేదు, ఎనిమిది పాటలూ పాడాడు. దిగొచ్చి భాయ్ భుజం మీద చెయ్యి వేసి, "ఇంక చాలు భాయ్" అన్నాడు.

తను పనిచేసే ఏసీ కంపెనీని అడిగి, మస్కట్‌కు దూరంగా ఉన్న ఇబ్రా సైట్‌కి మార్పించుకున్నాడు. నేను ఉద్యోగం వల్ల రూవిలోనే ఉండిపోయాను. కొన్ని వారాలకు ఆ కేసెట్ జాబితా చివరకు జారి, ఆనక కనిపించకుండా పోయింది. బొంబాయివాళ్లు రెండోది అడిగితే భాయ్ చెయ్యనన్నాడట. ఆ మాట చెప్పడానికి మా ఇంటికి వచ్చి, "నన్ను మాఫ్ చెయ్యిమను భాభీ" అని ఏడ్చాడు.

స్టూడియోలో రికార్డింగ్ చేసినతను మా ఆయనకు తన గొంతుతో ఉన్న అసలు పాటల కాపీ ఒకటి ఇచ్చాడని ఆ రోజు భాయ్ చెబితేనే తెలిసింది. ఆ శుక్రవారమే ఇబ్రా వెళ్లాను. రూమ్ బయట నీడలో కూర్చుని భోజనం చేస్తున్నప్పుడు అడిగాను.

"ఆ టేపు ఏదండీ?"

"రూమ్‌లో ఒకాయప్పకు ఇచ్చినా. పెండ్లానికి మాటలు రికార్డు చేసి పంపియ్యల్లన్యాడు. ఖాళీ టేపు లేకపాయ."

"దాని మీదే చేసేశాడా?"

"దాంట్లో ఏముండాది ఇంక? ఆమెకన్నా మొగుని గొంతు వినబడల్ల గదా."

"మరి నాకో?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. అప్పటిదాకా ఆ సంగతి ఆయనకు తోచనేలేదని ఆ చూపులో తెలిసింది. "నువ్వు వింటావనుకోలే" అన్నాడు. చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత కూడా మేము చాలాకాలం ఒమన్‌లోనే ఉన్నాం. ఆయన ఫోర్‌మన్ అయ్యాడు, మళ్లీ రూవికి వచ్చాడు, మాకు అమ్మాయి పుట్టింది. నేను పాడమని అడిగితే "రాదులే" అనేవాడు, కోపం లేకుండా. పాపను నిద్రపుచ్చేది మాత్రం ఆయనే. ఒళ్లో వేసుకుని వీపు తట్టేవాడు. తట్టడం తాళం తప్పేది కాదు. నోరు మాత్రం విప్పేవాడు కాదు.