దిగులుకు సూదులు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఆయనకు అక్కడికి బదిలీ అయింది. ఆఫీసులే డేరాల్లో నడుస్తుంటే గుమాస్తా పెళ్ళాం బిడ్డలకు ఇల్లు యాడ దొరుకుతుంది? అందుకని రాజంపేటలో మా పుట్టింట పురుడు పోసుకున్న నేను, ఐదో నెల బిడ్డను ఎత్తుకుని కడపలో అత్తమామల దగ్గరికి వచ్చాను. మా ఆయన నెలకోసారి బస్సులో వచ్చి, బిడ్డను ఎగరేసి ఆడించి, మళ్ళీ ఆ డేరాల్లోకి వెళ్ళిపోయేవారు.

వచ్చిన కొన్నాళ్ళకే నాకు ఏదో అయింది. ఏమైందో చెప్పమంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. జ్వరం కాదు, నొప్పి కాదు. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉండేది. వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంటే అక్కడే పొద్దు గుంకేది. తల దువ్వుకోవాలంటే కొండ ఎక్కమన్నట్టుండేది. నేనేమైనా నోరులేని దాన్నా అంటే, మా వీధి వీధంతా నా నోటికి దండం పెట్టి తప్పుకునేది. అట్లాంటి దాన్ని ఉలుకూ పలుకూ లేకుండా కూలబడ్డాను.

అన్నిటికంటే ఘోరం బిడ్డ సంగతి. ఎత్తుకుంటే జారవిడుస్తానేమోనని వణుకు. అది కళ్ళు విప్పార్చి చూస్తే, వాళ్ళమ్మ లోపల ఉత్త డొల్ల అని దానికి తెలిసిపోతుందేమోనని ఇంకో వణుకు. పాలిచ్చేటప్పుడు మా అత్త పక్కన కూర్చుని తానే పట్టుకునేది, తాగడం అయిపోగానే తీసుకుపోయేది. ఆమె ఎత్తుకుపోతుంటే నాకు ప్రాణం కుదుటపడేది. కన్నతల్లికి అట్లా అనిపించవచ్చునా? ఆ మాట ఎవరితో చెప్పుకోను?

మా అత్త ఊరుకునే మనిషి కాదు. దర్గాకు తీసుకుపోయి దారం కట్టించింది. వేపమండలతో దిష్టి తీయించింది. చివరికి డాక్టరును పిలిపిస్తే, ఆయన బలానికని సూది వేసి పోయాడు. ఆ బలమంతా నా జబ్బకు వాపుగా వచ్చి, వారం పాటు అక్కడే ఉండిపోయింది.

ఇక లాభం లేదని ఇంట్లో ఒక నిర్ణయం చేశారు. మా ఆయన అక్క, అంటే మా వదిన, బద్వేలులో ఉండేది. ఆమె కూడా చంటిబిడ్డ తల్లి, పాలకు కొదవలేదు. నా బిడ్డను ఆమె దగ్గరికి పంపుదామని మామ కబురు పెట్టాడు. ఉగాది వెళ్ళాక ఆమె వచ్చి తీసుకుపోవాలి. అక్కడికి పోయిన బిడ్డ మళ్ళీ తిరిగి రాదని నాకు తెలుసు. రేపు అది ఆమెను అమ్మా అంటుంది, నన్ను అత్తా అంటుంది. తెలిసి కూడా నా నోరు పెగల్లేదు.

మామది నాపరాళ్ళ వ్యాపారం. బండలు రైలుకెక్కించడానికి పోయినప్పుడు గూడ్సు షెడ్డులో ఒక గుమాస్తాతో స్నేహమైంది. ఆయనది శ్రీకాకుళం వైపు. చిన్నప్పుడే రంగం పోయి, అదే రంగూను, యుద్ధం రోజుల్లో కాలినడకన తిరిగి వచ్చిన మనిషి. అక్కడ పక్కింటి చీనా వైద్యుడి దగ్గర సూదులు గుచ్చే వైద్యం నేర్చుకున్నాడట. మామ నడుము నొప్పికి గుచ్చితే తగ్గిందట. మనసు బాగలేని వాళ్ళకు కూడా గుచ్చుతానని ఆయన గొప్పగా చెప్పాడట. సరే రమ్మన్నారు.

ఆదివారం పొద్దున వచ్చాడు. బుగ్గ మీసాలు, పెద్ద గొంతు, జేబులో పొగాకు డబ్బా. ఆ డబ్బాలోనే సూదులు. వెంట్రుకల్లా సన్నగా ఉన్నాయి. వాటిని మరిగించడానికి గిన్నె అడిగితే మా అత్త వంటింటి గిన్నె ఇవ్వనంది, చివరికి పెరట్లో మూలకు పడేసిన ఒక సత్తు చెంబు తెచ్చి ఇచ్చింది. సూదులు మరుగుతున్నంత సేపూ ఆమె డబ్బాలోకి తొంగి చూసింది. మందు సీసా ఏదని అడిగింది. మందు ఉండదన్నాడాయన. సూదంటే మందు లోపలికి పోవాలి కదా, వట్టి సూది పొడిచేదానికి నువ్వెందుకు, దర్జీవాడు చాలడా అని మా అత్త మండిపడింది. ఆయన నవ్వాడే గాని నొచ్చుకోలేదు. కాళ్ళకు కూడా గుచ్చాలంటే మాత్రం ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. తలా, చేతులూ, అంతే.

గుచ్చే ముందు ఆయన నా ఎదుట పీట మీద కూర్చున్నాడు. కోడలికి దిగులు పట్టిందని మా అత్త ముందే చెప్పి ఉంది.

"ఎవరి మీద దిగులు తల్లీ?" అన్నాడు.

అప్పటిదాకా ఇంతమంది చూశారు, దారాలు కట్టారు, పొడిచారు. ఈ ఒక్క ముక్క ఎవరూ అడగలేదు.

"బిడ్డంటేనే," అన్నాను.

మా సీమలో దిగులంటే భయం. చీకట్లో పిల్లి దూకితే పడేది దిగులు. నా బిడ్డంటే నాకు భయమని, చచ్చేంత సిగ్గుతో, మొదటిసారి నోరు తెరిచి చెప్పుకున్నాను. ఆ మహానుభావుడి ఊళ్ళో దిగులంటే విచారం. ఆయన చెవికి అది ఇంకోలా తాకింది. గబుక్కున మా అత్త వైపు తిరిగాడు.

"బిడ్డ మీద బెంగెట్టుకున్నాదమ్మా. ఇడదీసేస్తే ఎలాగ? తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టండి."

బెంగంటే ఏమప్పా, గాలా, గ్రహమా అని అడిగింది మా అత్త. బిడ్డ కావాలని కొట్టుకుపోవడమని ఆయన విడమరిచాడు. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. కాదు, అది కాదు అని నేను చెప్పబోయేలోగా ఆయన రెండు మణికట్లకూ, నడినెత్తికీ, కనుబొమల మధ్యకూ సూదులు గుచ్చేశాడు. కదలొద్దన్నాడు. అత్త లోపలికి పోయి బిడ్డను తెచ్చి, మఠం వేసుకున్న నా ఒళ్ళో పెట్టింది.

నా గతి ఏమని చెప్పను! దేనికి వణికి చస్తున్నానో అదే ఒళ్ళో పడింది. చేతులు మోకాళ్ళ మీద వెల్లకిలా ఉన్నాయి, వాటికి సూదులు. పట్టుకోలేను, తోసేయలేను. బిడ్డ నన్ను చూసింది. కనుబొమల మధ్య సూదిని ఇంకా శ్రద్ధగా చూసింది. ఆవులించింది. కాళ్ళు తపతపా కొట్టుకుంది. చాలాసేపటికి నాకు ఒక సంగతి తట్టింది. అసలు పట్టుకోనప్పుడు జారవిడిచేదేముంది? బిడ్డ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. నాకు ఊపిరి ఆడింది. సరిగ్గా అప్పుడే అది వెచ్చగా నా చీరంతా తడిపేసింది.

నవ్వొచ్చింది. ఆపుకుందామంటే కాలేదు. నేను నవ్వుతుంటే నుదుటి మీద సూది కూడా ఊగింది, దాన్ని చూసి బిడ్డ బోసినోటితో కిలకిలమంది. మా అత్త లేచి నిలబడి, ఏ నరాన్నో గుచ్చి కోడలికి పిచ్చెక్కించినావు కదప్పా అని ఆయన మీద పడింది.

ఒక్క రోజులో బాగుపడ్డానని చెబితే అబద్ధం. ఆయన ఆదివారం ఆదివారం వచ్చాడు, మధ్యలో గోడకు ఆనుకున్న రోజులూ ఉన్నాయి. అయితే ప్రతిసారీ బిడ్డ ఒళ్ళో ఉండాల్సిందే, అది వైద్యంలో భాగమని ఆయన పట్టు. సూదుల మహిమో కాదో నాకు తెలియదు. అన్నానికి ఉప్పు తక్కువైందని ఒకరోజు తెలిసింది. ఇంకోరోజు తల దువ్వుకున్నాను. ఆ తర్వాత సూదులు లేకుండానే బిడ్డను ఎత్తుకున్నాను, వణుకుతూనే.

ఉగాది వెళ్ళింది. బద్వేలు బస్సు దిగి మా వదిన వచ్చింది. మంచి మనిషి, బిడ్డకు ఉన్ని టోపీ కూడా తెచ్చింది. కూర్చుని మజ్జిగ తాగి, నా ఒళ్ళోని బిడ్డ కోసం చేతులు చాపింది. మామ గొంతు సవరించుకున్నాడు.

"ఇయ్యను వదినా," అన్నాను. "టోపీ ఇచ్చిపో. బిడ్డ నాది, ఈడే ఉంటాది. ఎవరన్నా ముట్టుకున్నారంటే చూడండి మరి!"

ఇల్లంతా దద్దరిల్లేలా అరిచానట. మామ తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. వదిన నోరు తెరుచుకుని చూసి, అమ్మా, దీనికి నోరొచ్చిండాదే అని పకపకా నవ్వింది. టోపీ బిడ్డకు తొడిగి సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

ఆమెను సాగనంపి వచ్చి మా అత్త నా పక్కన కూలబడింది. అప్పుడు నేను అసలు సంగతి బయటపెట్టాను. ఆ రంగం ఆయన తప్పుగా విన్నాడనీ, నేనన్నది బెంగ కాదనీ చెప్పాను.

"నాకు తెల్దా?" అంది మా అత్త. "నేను ఆడనే ఉంటి గదా. నువ్వు బయమంటివి, ఆయప్ప ఇంకోటి అనుకుండె. అనుకోనీలే అని ఊరకుంటి."

"ఎందుకత్తా?"

ఆమె బిడ్డ టోపీ సర్దింది.

"మీ ఆయన పుట్టినప్పుడు నాకూ ఇదే దిగులు. శానా దినాలుండె. ఎవరి మీదని అడిగేటోళ్ళు యాడుండిరి?"

ఆ మాట ఆమె అంతకుముందు ఎవరితోనూ అనలేదని ఆ గొంతు వింటేనే తెలిసింది. నేను ఆమె చేయి పట్టుకున్నాను. కోడళ్ళు అత్తల చేతులు పట్టుకునే కాలం కాదది. ఆమె విడిపించుకోలేదు.